వదిన చేత మాన్పించిన మాత్రలు

ఇప్పుడు మా మేడ మెట్లు ఎక్కగలుగుతున్నాను. మధ్యలో ఒకసారి ఆగి గోడ పట్టుకుంటాను, అంతే. వైశాఖంలో మంచం మీంచి లేచి బాత్రూం దాకా వెళ్ళాలంటే మా ఆయన భుజం కావలసి వచ్చేది. కాబట్టి బాగుపడ్డాననే చెప్పుకోవాలి. ఎలా ఉన్నావని అడిగినవాళ్ళకి అలాగే చెబుతున్నాను. కానీ ఎవరూ అడగని సంగతి ఒకటి ఉంది. అది దాచి నా జబ్బు గురించి చెబితే సగమే చెప్పినట్టు.

నా పేరు సుజాత. ఒడిశాలోని బరంపురంలో ఒక మందుల షాపు కౌంటరు మీద ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. మందుల చదువు నేను చదువుకోలేదు. ఆ చదువూ లైసెన్సూ ఓనరు సాహు బాబువి. నాకున్నది అలవాటు. డాక్టర్లు గీకిన చీటీ ఏదైనా చదవగలను, ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీయగలను. అంతమాత్రానికే మా పేటలో తెలుగువాళ్ళు నన్ను సగం డాక్టరు కింద లెక్కేశారు. ఒంట్లో బాగులేకపోతే ఆసుపత్రి కంటే ముందు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, చాలా గర్వంగా ఉండేది.

కోవిడ్ రోజుల్లో షాపు ముందు సున్నంతో గుండ్రాలు గీసి జనాన్ని నిలబెట్టాం. అందరూ అడిగింది ఒకటే, విటమిన్లు. ఆ జబ్బు వెళ్ళిపోయింది గాని ఆ అలవాటు వెళ్ళలేదు. నీరసమా, బలం మాత్ర. కాళ్ళు లాగుతున్నాయా, బలం మాత్ర. రకరకాల కొత్త డబ్బాలు వచ్చాయి. ఒకదాని మీద ఎర్రగా గుండె బొమ్మ ఉండేది. లోపల తేనె రంగులో కాప్సూల్స్, విటమిన్లూ చేప నూనే కలిపినవి. నేను అవి రోజూ వేసుకునేదాన్ని. నమ్మే వేసుకున్నాను, నమ్మే ఇచ్చాను. ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. అదే ఇప్పుడు నాకు మరీ బాధ. మోసం చేసినవాళ్ళకి కనీసం తాము చేస్తున్నదేమిటో తెలుస్తుంది.

మా ఆయన పేరు జగన్నాథం. తెలుగు స్కూల్లో గుమస్తా. ఆయనకి మూడేళ్ళప్పుడు తల్లి పోయింది. అప్పటికి పదిహేనేళ్ళ అక్క ఆయన్ని చంకనేసుకుని పెంచింది. ఆవిడే దాలమ్మ వదిన. ఆయన ఆవిడని అప్ప అనేవారు. రంభ అనే ఊళ్ళో ఇచ్చారు. భర్త చిలక సరస్సులో పడవ మీద చేపలు పట్టేవాడు, చాలా ఏళ్ళ క్రితమే పోయాడు. వదిన ఎండు రొయ్యలు సంతలకి తీసుకెళ్ళి అమ్మి, ఒక్కగానొక్క కూతురు పద్మని పెంచింది. పద్మ హైస్కూలు, కాలేజీ మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. మాకు పిల్లలు లేరు. ఏడేళ్ళు నా పక్కనే పడుకుంది ఆ పిల్ల. తర్వాత కొడల అనే ఊళ్ళో సంబంధం చూసి పెళ్ళి చేశాం.

కిందటేడు ఎండాకాలంలో వదిన రొయ్యల మూట ఎత్తబోయి గుండెలు పట్టుకుని కూర్చుండిపోయింది. బరంపురం తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజులుంచి, గుండెకి వెళ్ళే రక్తనాళాల్లో అడ్డు ఉందని చెప్పి, నాలుగు రకాల మాత్రలు రాశారు. జీవితాంతం మానకూడదన్నారు. ఆ మాట నేనూ విన్నాను. వదిన పక్కనే నిలబడి విన్నాను.

దసరా

దసరాకి వదిన మా ఇంటికి వచ్చింది. వంటింట్లో నా ఎదురుగా పీట మీద కూర్చుని చేతులు చాపి చూపించింది. మోచేతుల మీద అక్కడక్కడ చర్మం కమిలి నల్లబడి ఉంది.

"ఇలగ తగిల్తే సాలు, కమిలిపోతన్నాది సూడు. కడుపులో మంట. కాళ్ళు పీకుతున్నాయి. ఇన్ని మాత్రలు మింగితే ఇంక అన్నం ఎక్కడికెల్తాదే అమ్మీ? వీట్లో ఏదైనా మానీయొచ్చా, సెప్పు" అంది.

నేను స్ట్రిప్పులు చేతిలోకి తీసుకుని చూశాను. చేతులు కమలడం రక్తం పల్చబరిచే మాత్ర వల్ల అయి ఉంటుందని తెలుసు. కాళ్ళ నొప్పులు కొవ్వు తగ్గించే మాత్ర వల్ల వస్తాయని షాపుకొచ్చేవాళ్ళు అంటూంటే విని ఉన్నాను. తెలిసింది అంతే. ఆ మాత్రలు మానేస్తే ఏమవుతుందో తెలీదు. తెలీదన్న సంగతి కూడా తోచలేదు.

"ఈ రెండూ ఉంచు ఒదినా. ఆ రెండూ కొన్నాల్లు ఆపీ. వాటి బదులు ఇది ఏసుకో" అని నా సంచీలోంచి గుండె బొమ్మ డబ్బా తీసి ఇచ్చాను. "గుండెకి మంచిదే. చేప నూని."

వదిన ఒక కాప్సూల్ వెలుగులోకి ఎత్తి చూసి పకపకా నవ్వింది.

"చేపల్లో పుట్టి చేపల్లో పెరిగినదాన్ని! నాకు చేప నూని ఇస్తన్నావేటే!"

"డాకటరుని అడగాలేమో" అంది మళ్ళీ తనే, నవ్వాపి.

"అడిగితే ఆయన మాననిస్తాడేటి? నాను సూస్తన్నాను గదా" అన్నాను.

నేను చూస్తున్నాను కదా. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు ఎలా ఉందో కూడా గుర్తుంది. వదిన మరి అడగలేదు. నేను చెప్పాను కాబట్టి అడగలేదు.

నెల తిరిగేసరికి కడుపు మంట తగ్గిందని ఫోను చేసింది. చేతులు బాగున్నాయంది. "నీ మందు పనిసేసింది" అంది. నాకు ఎంత సంతోషమైందో.

మాఘం

మాఘంలో ఒక ఆదివారం పొద్దున్న ఏడింటికి ఫోను వచ్చింది. వదినే.

"రెండు రోజులై ఆయాసంగా ఉందే అమ్మీ. నెగితే కళ్ళు తిరగతన్నాయి. వీపు మీద బరువెట్టినట్టుంది."

"సలికాలం గదా ఒదినా, నీరసం. ఇంకో కాప్సూలేసుకుని బండెక్కి వొచ్చీ. ఇక్కడ సూద్దాం" అన్నాను.

సరేనంది. ఫోను పెట్టేముందు, తమ్ముడికి ఇష్టమని చిన్న రొయ్యలు మూట కట్టానని చెప్పింది.

రంభ స్టేషన్లో బరంపురం ప్యాసింజరు కోసం బెంచీ మీద కూర్చుంది. బండి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. ఆవిడ లేవలేదు. నిద్రపోతోందేమోనని పక్కన టీ అమ్మే అతను భుజం తట్టాడట. అతనే ఆవిడ ఫోనులో ఆఖరు నంబరుకి చేశాడు. అది నాదే. ఒడియాలో అడిగాడు, "ఈ మావుసి మీకు ఏమవుతుంది?" అని. మావుసి అంటే పిన్ని.

మేము వెళ్ళేసరికి ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు. మా ఆయన ఆవిడ పాదాల దగ్గర కూలబడి, చిన్నపిల్లాడిలా "అప్పా, అప్పా" అంటూనే ఉన్నారు. కొడల నుంచి పద్మ వచ్చింది. తల్లి మీద పడి ఏడ్చింది, తర్వాత నన్ను పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు ఇల్లు సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో వదిన మందులు దొరికాయి. రెండు రకాల స్ట్రిప్పులు కొంత కొంత వాడినవి. మిగతా రెండు రకాలూ చించకుండా నిండుగా ఉన్నాయి. డబ్బా మూత తీసినవాళ్ళెవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. గదిలో అప్పుడెవరూ లేరు. ఆ నిండు స్ట్రిప్పులు తీసి నా హ్యాండు బ్యాగులో అడుక్కి తోసేశాను. గుండె బొమ్మ డబ్బా కూడా.

నేను బ్యాగు జిప్పు వేస్తుండగా పద్మ లోపలికి వచ్చింది.

"అత్తా, అమ్మ మందులన్నీ సరిగ్గా ఏసుకునీదే కదా?"

"ఏసుకునీదమ్మా" అన్నాను.

"మరి ఏటైనాది అత్తా?"

"ఆయుసు తీరిపోయింది తల్లీ. మన సేతుల్లో ఏటున్నాది" అన్నాను. పద్మ నా ఒళ్ళో తల పెట్టుకుంది. నేను దాని తల నిమిరాను. ఆ చెయ్యి నాదేనా అనిపించింది.

ఆ తర్వాత మూడు నెలలు ఎలా గడిచాయో వివరంగా చెప్పలేను. షాపుకి వెళ్ళేదాన్ని. ఎవరైనా బలం మాత్ర అడిగితే సాహు బాబు వైపు చూపించేదాన్ని. మా ఆయన సాయంత్రం వచ్చి, వీధి గుమ్మంలో కూర్చుండిపోయేవారు. ఒకరోజు మాత్రం అన్నారు, "నాలుగు రోజులు ముందు ఫోన్ సేసినా బాగుండీది. ఆసుపత్రికి తీసికెల్దుం. నీకేటైనా సెప్పిందా?" అని. ఆరోజు పొద్దున్న ఫోను చేసిందని ఆయనకి తెలుసు. ఆయాసంగా ఉందని అన్న మాట నేను చెప్పలేదు. వస్తానని చెప్పడానికే చేసిందన్నాను.

ఇలాంటి అబద్ధం ఒకసారి ఆడి ఊరుకునేది కాదు. రోజూ కాపాడుకోవలసి వచ్చింది.

వైశాఖం

నాకూ నీరసం మొదలైంది. ఎండలు ముదిరాయి కదా, అందుకేననుకున్నాను. సామాను అర పైకి ఎక్కించాలంటే ఊపిరి అందేది కాదు. ఎడమ దవడ కింద నొప్పి వచ్చి పోతూండేది. పన్ను నొప్పి అనుకుని లవంగం పెట్టుకున్నాను. వీపు మధ్యన బరువుగా ఉండేది. వదిన అన్న మాటే అది, వీపు మీద బరువెట్టినట్టుందని. నాకు గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది. వచ్చిన ప్రతిసారీ వేరే పని మీద పడ్డాను. డాక్టరు దగ్గరికి వెళితే ఏమిటని అడుగుతారో, ఎక్కడికి దారి తీస్తుందో అని భయం. ఎవరికీ చెప్పకుండా తేనె రంగు కాప్సూల్స్ రోజుకి రెండు చేశాను. మనిషిని చంపిందేమోనని భయపడుతున్న మందునే మళ్ళీ మింగుతున్నాను. అది మానేస్తే వదిన విషయంలో నేను తప్పు చేశానని ఒప్పుకున్నట్టే అనిపించేదేమో.

ఒకరోజు పదకొండు గంటల వేళ కౌంటరు మీద చీటీ చదువుతున్నాను. అక్షరాలు అలుక్కుపోయాయి. జాకెట్టు మొత్తం చెమటతో తడిసిపోయింది. దవడ నుంచి చేతి దాకా ఎవరో పిండుతున్నట్టు నొప్పి. సాహు బాబు పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, గ్లూకోజు నీళ్ళు కలుపుతున్నారు. కౌంటరుకి అవతల దగ్గు మందు కోసం వచ్చిన ఒక ముసలావిడ నా చెయ్యి అందుకుని నాడి చూసింది. రిటైరైన నర్సట. ఒక్క నిమిషం చూసి, "గ్లూకోజు వద్దు, ఏమీ వద్దు. ఆటో పిలవండి" అని ఒడియాలో గట్టిగా అంది. దగ్గు మందు అక్కడే వదిలేసి నాతో ఆటో ఎక్కింది. దారి పొడుగునా నా చెయ్యి వదలకుండా, "డొరొ నాహి, మా, డొరొ నాహి" అంటూనే ఉంది. భయపడకమ్మా అని. ఆసుపత్రి లోపలికి నన్ను అప్పగించి ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలీదు. తర్వాత షాపు దగ్గర ఎన్నిసార్లు వాకబు చేసినా ఆవిడ ఎవరో తెలియలేదు. నాకు ఆవిడ పేరు కూడా తెలీదు.

మా ఆయన స్కూలు నుంచి వచ్చేసరికి నా ఒంటి నిండా వైర్లు. ఆయన వేళ్ళకి స్టాంపు ప్యాడు సిరా అలాగే ఉంది. మంచం కాళ్ళ వైపు నిలబడ్డారు. డాక్టరమ్మ చిన్న వయసావిడే. ఒడియాలో మెల్లగా ఒక్కొక్కటే అడుగుతోంది. ఎప్పటి నుంచి నొప్పి? షుగరుందా? బీపీ? ఏం మందులు వాడుతున్నావు?

"విటమిన్లు" అన్నాను.

"ఎవరు రాశారు?"

"నేనే."

ఆవిడ కోప్పడలేదు. కాగితం మీద రాసుకుంటూ, మామూలుగా అంది. "విటమిన్లు తక్కువైనవాళ్ళకి విటమిన్లు కావాలి. గుండె నాళంలో అడ్డు ఉన్నవాళ్ళకి అవి చేసేదేం లేదు. వాటిని నమ్ముకుని జనం రావలసిన వేళకి రారు, అదీ నష్టం. కొందరైతే అసలు మందులే మానేసి ఇవి మింగుతారు."

నాకు అప్పుడు నొప్పికి ఇంజెక్షను ఇచ్చి ఉన్నారు. అందువల్లో, చచ్చిపోతానన్న భయం వల్లో చెప్పలేను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా ఒదిన చేత నేనే మాన్పించాను. రెండు మాత్రలు. వాటి బదులు ఇది ఇచ్చాను. ఆవిడ మాఘంలో పోయింది" అన్నాను. ఒడియాలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేశాను.

డాక్టరమ్మకి సగమే అర్థమై ఉంటుంది. అర్థం కావలసిన మనిషి మంచం కాళ్ళ దగ్గర ఉన్నారు. మంచం కమ్మీ పట్టుకున్న చెయ్యి తీశారు. నెమ్మదిగా వెనక్కి తిరిగి తలుపు దాటి వెళ్ళిపోయారు.

ఆరోజే మణికట్టు దగ్గర నుంచి సన్నటి తీగ లోపలికి పంపి, నాళంలో స్టెంటు వేశారు. తెర మీద నా గుండె కొట్టుకోవడం కనబడుతోందట. నేను అటు చూడలేదు. బయట కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆయన ఉన్నారో లేదోనని మాత్రం నర్సుని అడిగాను. ఉన్నారంది.

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆరు రోజులూ ఆయన పొద్దున్నా సాయంత్రం జావ, మజ్జిగన్నం తెచ్చి బల్ల మీద పెట్టేవారు. మాత్రలు అందించేవారు. నేను మింగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని బయటికి వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. ఒక్క మాట లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆయన వీపు కనబడేది. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ తలుపు వైపు తిరిగి ఉండేవాళ్ళు. ఆయన ఒక్కరే గోడ వైపు తిరిగి కూర్చునేవారు.

పక్క మంచం మీద భంజనగర్ నుంచి వచ్చిన ఒడియా ముసలమ్మ ఉండేది. ఆవిడకి తెలుగు రాదు. అయినా మా ఇద్దరి మధ్య ఏదో జరిగిందని పోల్చుకుంది. తీగ వేసిన చెయ్యి కదపకూడదని నాకు చెప్పారు. నా జుట్టు మూడు రోజులుగా చిక్కుపడి ఉంది. ఆవిడ తన సెలైను స్టాండు పట్టుకుని లేచి వచ్చి, నా వెనక కూర్చుని, దువ్వి జడ వేసింది. ఇరవై ఏళ్ళయి ఉంటుంది నాకు ఎవరైనా జడ వేసి. ఆఖరున వేసింది వదినే అని జ్ఞాపకం వచ్చి ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏమీ అడగకుండా జడ చివర తన జుట్టు రిబ్బను విప్పి కట్టింది.

ఐదో రోజున డాక్టరమ్మని ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను. ఆ రెండు మాత్రలూ మానకుండా ఉంటే మా వదిన బతికేదా?

ఆవిడ చేతిలోని కాగితాలు మంచం మీద పెట్టింది. "చెప్పలేను. వేసుకుంటూ కూడా పోయినవాళ్ళున్నారు. కానీ వాటిని ఊరికే రాయలేదు. ఆవిడ అనుభవించిన ఇబ్బందులకి మేము మోతాదు మార్చేవాళ్ళం, మందు మార్చేవాళ్ళం. అడిగి ఉంటే" అంది.

డాకటరుని అడగాలేమో అని వదిన అననే అంది.

ఇంటికి పంపిన రోజు ఆటోలో ఆయన మాట్లాడారు. నా వైపు చూడకుండా, రోడ్డు చూస్తూ.

"అప్ప నన్ను ఎత్తుకుని పెంచింది. నిన్ను సూస్తంటే ఆవిడ అగుపడతన్నాది. ఏటి సెయ్యమంటావు?"

నేను ఏడ్చాను.

"ఏడిస్తే మళ్ళీ ఆయాసం వస్తాది, ఏడవకు" అన్నారు. కొంత దూరం పోయాక, "నాకు కోపం పోదు. పోయిందని అబద్దం ఆడలేను. నువ్వు మాత్రం మందులు మానకు. ఇద్దర్ని మొయ్యలేను నాను" అన్నారు.

ఆషాఢం

రెండో నెల చూపించుకున్నాక, బస్సు ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరమ్మ అంది. ఆ మర్నాడే కొడల బయలుదేరాను. నేనూ వస్తానని ఆయన అన్నారు. వద్దన్నాను. అది నేను ఒక్కదాన్నే చెప్పవలసిన మాట.

పద్మ కుట్టు మిషను దగ్గర ఉంది. నన్ను చూసి గబగబా లేచి, "ఒంట్లో బాగులేకుండా ఇంత దూరం ఒచ్చీసినావేటి అత్తా!" అని కుర్చీ వేసింది. ఫ్యాను నా వైపు తిప్పింది. నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. ఆ మర్యాదలన్నీ నేను అందుకున్నాను. గ్లాసు కింద పెట్టాక చెప్పాను. దసరా నాటి సంగతి, ఫోను సంగతి, డబ్బా లోంచి తీసిన స్ట్రిప్పుల సంగతి. వరసగా, ఏదీ తగ్గించకుండా.

పద్మ మిషను మీద ఉన్న జాకెట్టు గుడ్డ చేతిలోకి తీసుకుని మడతపెట్టింది. విప్పి మళ్ళీ మడతపెట్టింది. బయట వాన మొదలైంది.

"నాను అడిగినాను గదా అత్తా" అంది చివరికి. "ఆ రోజే అడిగినాను. నీ కళ్ళలోకి సూసి అడిగినాను."

"అడిగావమ్మా."

"ఆయుసు తీరిపోయిందన్నావు. అదే నమ్మినాను. ఏడుపొచ్చినప్పుడల్లా అదే అనుకునీదాన్ని. ఇపుడు ఏటి అనుకోమంటావు? సెప్పకపోయినా బాగుండీది నువ్వు. సెప్పీసి నీ బరువు దించుకున్నావు. నాను ఎక్కడ దించుకోవాల?"

క్షమించమని అడగాలని వెళ్ళాను. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. అది అడిగితే పద్మ మీద ఇంకో పని వేసినట్టే.

బస్టాండు దాకా పద్మ భర్త సైకిలు నడిపించుకుంటూ తోడు వచ్చాడు, గొడుగు నా మీద పట్టి. పద్మ గుమ్మం దాకా రాలేదు.

నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందంటారు. నా మనసు తేలికైన మాట నిజమే. ఆ బరువు ఎవరి మీద పెట్టి వచ్చానో చూశాను కనుక ఆ తేలికని సంతోషంగా అనుభవించలేకపోయాను. అయినా చెప్పకుండా ఉండవలసిందని మాత్రం అనుకోను. పద్మకీ అదే నెత్తురు, అదే గుండె. తల్లి ఎందుకు పోయిందో తెలియకపోతే రేపు తను ఏది నమ్ముతుందో.

షాపుకి మళ్ళీ వెళుతున్నాను, ఒక పూట మాత్రమే. సాహు బాబుతో ఒకటే చెప్పాను: ఇకనుంచి చీటీలో ఉన్నది ఇస్తాను, లేనిది అడిగితే మీ దగ్గరికి పంపిస్తాను. ఆయన సరేనన్నారు. మా పేటవాళ్ళు కొందరు నొచ్చుకున్నారు. "ఇదివరకు ఎంత బాగా సెప్పీదానివి, జబ్బు సేసినకాడినుంచి మారిపోనావు" అంది ఒకావిడ. అవునన్నాను.

కార్తీకం

ఆషాఢం తర్వాత పద్మ ఫోను చెయ్యలేదు. నేను చేస్తే భర్త ఎత్తి, పనిలో ఉందనేవాడు. మా ఆయనతో మాట్లాడేది, నా గురించి అడిగేది కాదు. రాఖీ వెళ్ళింది, వినాయక చవితి వెళ్ళింది, వదిన లేని దసరా వచ్చి వెళ్ళింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం నా ఫోనుకే చేసింది.

"అత్తా, నాను పద్మని."

ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను.

"మూటలు మొయ్యటం లేదు, ఏటీ లేదు, అయినా ఆయాసంగా ఉంటన్నాది. రేపు బరంపురం పెద్దాసుపత్రికి ఒస్తన్నాను. ఈయనకి సెలవు దొరకనేదు. నువ్వు రాగలవా?"

"ఒస్తాను తల్లీ. ఎన్నింటికి..."

"నువ్వు ఏ మాత్రా సెప్పొద్దు అత్తా" అంది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "ఏదీ ఫరవాలేదనొద్దు. ఊరికే పక్కన కూకో."

మర్నాడు అలాగే కూర్చున్నాను. గుండె జబ్బుల గది ముందు పొడుగాటి బెంచీలు. ఇదివరకు మా ఆయన కూర్చున్నవి అవే. ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు, చేతుల్లో పాత ఎక్సరే కవర్లు. పద్మ చిక్కిపోయింది. తల్లి పోలికలు ఇంకా తేలాయి. మా మధ్య దాని సంచీ పెట్టుకుంది. ముందు వరసలో ఒకావిడ సంచీలోంచి బలం మాత్రల డబ్బా తీసి పక్కావిడకి చూపిస్తూ, ఇది గుండెకి భలే పనిచేస్తుందట అంటోంది. పద్మ నా మొహం వైపు చూసింది. నేను లేచి వెళ్ళి ఆవిడ పక్కన వంగి, "లోపల డాక్టరమ్మకి చూపించి అడగండమ్మా, సిగ్గుపడకండి" అని వచ్చి కూర్చున్నాను.

ఈసీజీకి పిలిచినప్పుడు గాజులూ గొలుసూ తీయమన్నారు. తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్క క్షణం నిలబడి, నా చేతిలో పోసి లోపలికి వెళ్ళింది. దాని ఒంటి వేడి గాజులకి ఇంకా ఉంది. గుప్పిట మూసి కూర్చున్నాను. ఆ పావుగంటా నేను మొక్కని దేవుడు లేడు.

గుండె ఇప్పటికి బాగానే ఉందన్నారు. రక్తం తక్కువగా ఉంది, బీపీ ఎక్కువగా ఉంది. తల్లి సంగతి విని ఇంకో పరీక్ష రాశారు, నెలనెలా రమ్మన్నారు. రక్తం కోసం ఇనుము మాత్రలు, బీపీకి ఒక మాత్ర. పద్మ ప్రతి మాత్రా ఎందుకో, ఎన్నాళ్ళో, పడకపోతే ఏం చెయ్యాలో డాక్టరమ్మని అడిగి అడిగి చెప్పించుకుంది. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను.

బయటికి వచ్చాక చీటీ నాకు చూపించలేదు. పర్సులో పెట్టుకుంది. బస్టాండుకి మా షాపు దాటుకునే వెళ్ళాలి, దాటుకుని వెళ్ళింది. నాలుగు అడుగుల అవతల వేరే షాపులో మందులు కొనుక్కుంది. నేను రోడ్డు మీద ఎండలో నిలబడ్డాను. అది నాకు తగినదే అనుకున్నాను. అయినా నొప్పి పెట్టింది.

కొడల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పద్మ ఎక్కి కిటికీ పక్క సీటులో కూర్చుంది. నేను కింద నిలబడి ఉన్నాను. ఎలా వీడ్కోలు చెప్పాలో ఇద్దరికీ తెలీదు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. అప్పుడు పద్మ కిటికీ లోంచి వంగింది.

"మద్దేనం అయిపోనాది. నీ మాత్రలు ఏసుకున్నావా అత్తా?"

పొద్దుటివి వేసుకున్నాను. మధ్యాహ్నానిది మర్చిపోయాను.

"లేదమ్మా" అన్నాను. దానితో ఇంకో అబద్ధం ఆడలేను.

"మరి ఇంటికెల్లి ముందు ఏసుకో" అంది. బస్సు కదిలింది.